అప్లికేషనుకు ఎల్లలు

కార్యాలయమునకు క్రొత్త అప్లికేషన్ కావలసివచ్చినపుడు అది యేయే పనులు చేయవలెనో అందరును చెప్పుదురు. అది వేటిని ముట్టరాదో చెప్పువారు అరుదు. సర్వీస్‌నౌ వంటి వేదికపై, అనగా ఒకే వ్యవస్థలో పలుశాఖల అప్లికేషనులు ప్రక్కప్రక్కన నడచుచోట, ఈ రెండవ విషయమే ముందుగా తేలవలసియున్నది.

తొలినాళ్ళలో ఆ వేదికపై వ్రాసిన టేబుళ్ళు, స్క్రిప్టులు అన్నియు ‘గ్లోబల్’ అను ఉమ్మడి ఆవరణలోనే యుండెడివి. ఉమ్మడి కుటుంబములో ఎవరి పెట్టె ఎవరు తెరచినను అడుగువారు లేనట్లు, ఒకదాని స్క్రిప్టు వేరొకదాని టేబులును మార్చినను అడ్డుండెడిది కాదు. 2015లో వెలువడిన ఫ్యూజీ కూర్పుతో అప్లికేషనుకు ‘స్కోపు’, అనగా సొంత పరిధి, లభించినది.

సభాసదులలో పలువురు ప్రభుత్వ క్వార్టర్సుకై జాబితాలో వేచియుండినవారే. ఆ కేటాయింపు పనికే ఒక అప్లికేషన్ నిర్మింపవలెననుకొందము. దరఖాస్తు, వరుసక్రమము, కేటాయింపు ఉత్తరువు ఒకే విభాగము చేతిలోనివి. ఒకటి మారిన తక్కినవియు మారును. అవి ఒకే పరిధిలో ఉండదగును. కుళాయి కారుచున్నదను ఫిర్యాదు మాత్రము ఇంజనీర్లది. దానికి వేరు పరిధి మేలు. అట్లని ప్రతి చిన్నపనికిని ఒక పరిధి కల్పించినచో వాటి నడుమ అనుమతులు వ్రాయుటతోనే దినములు గడచును.

పరిధికి పెట్టు సాంకేతికనామము 18 అక్షరములు మించరాదు. అందులోని ప్రతి టేబుల్ పేరుకును అది ఇంటిపేరువలె ముందు చేరును. పిదప మార్చ వీలులేదు. అందుచేత శాఖపేరుకన్న పనిపేరు పెట్టుట క్షేమము. శాఖల పేర్లెంత కాలము నిలుచునో ఈ సభకు వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు అనుమతులయందున్నది. ఇతర పరిధులు టేబులును చదువవచ్చునా, చేర్చవచ్చునా, దిద్దవచ్చునా, తొలగింపవచ్చునా అనునవి వేర్వేరుగా నిర్ణయింపదగినవి. వరుసక్రమపు టేబులును ఇతరులు చదువుట ఒక యెత్తు, దిద్దుట మరియొక యెత్తు. కాని సాయంకాలమున ఏదో లోపము చూపి పని ఆగినపుడు, తొందరలోనున్న నిర్మాత నాలుగింటిని తెరచివేయును. పని సాగును, ఎల్ల మాత్రము పేరునకే మిగులును. అప్లికేషన్ బయటివానిని తాకుటను వేదిక రెండు విధముల పట్టిచూచును: ‘ట్రాకింగ్’లో అనుమతించి నమోదు చేయును, ‘ఎన్‌ఫోర్సింగ్’లో అధికారి ఒప్పుకొనువరకు ఆపును. పరీక్షాకాలమున మొదటిది యుంచి, ఆ నమోదులను ఒక్కొక్కటిగా పరిశీలించి, అక్కరలేనివి తీసివేసి, అటుపై రెండవదానికి మారుట యుక్తము.

ఇదంతయు అప్లికేషనుల నడుమ కంచె మాత్రమే, మనుష్యులకు కాదు. ఏ గుమాస్తా ఏ దరఖాస్తు చూడవచ్చునో పాత్రలును, ప్రవేశ నియమములును వేరుగా శాసించును. ఒకటి కట్టి రెండవది మరచుటవలన ఒకరి జీతపు వివరములు అందరి కంటబడగలవు.

అన్ని శాఖలకును ఉమ్మడియైన మూలప్రక్రియనే సవరింపవలసినపుడు గ్లోబల్ ఆవరణ తప్పదు. ‘తరువాత వేరుచేయుదము’ అని సొంత అప్లికేషనును అందు మొదలిడుట వేరు సంగతి. గ్లోబల్ టేబుల్ పేరు ఆ పరిధిపేరుతో మారిపోదు. క్రొత్త టేబుళ్ళు నిర్మింపవలెను. పాత స్క్రిప్టులలోని కొన్ని పిలుపులు పరిధిలో పనిచేయవు. వాటిని తిరిగి వ్రాయవలెను. ఆపై వేచియున్నవారి జాబితా యావత్తును, ఎవరి స్థానమును తప్పకుండ, క్రొత్తచోటికి మోయవలెను.