తీగ క్షేమము నడుగు విధము

ఈదురుగాలి వీచిన సాయంకాలమున ముప్పాళ్ళవంటి ఊళ్లలో మొదట పోవునది కరెంటు. దానివెంట ఇంటర్నెట్టును పోవచ్చును. ఇందు వింత లేదు. 2015లో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ తన గాజుతీగలను చాలవరకు కరెంటు స్తంభములమీదుగనే పల్లెలకు నడిపించినది. ఖర్చు తగ్గినది గాని, స్తంభ మొరిగినచో రెండును కలిసియే తెగును. ఏ ఊరు మూగవోయినదో కనిపెట్టుటకు విశాఖపట్టణమున పర్యవేక్షణ కేంద్రము నేర్పరచిరి. ఇట్టి కేంద్రములలోని కంప్యూటరు దూరపు యంత్రములను ఎట్లు పలుకరించునో, ఆ పలకరింపు ఎక్కడ చెడునో నేడు ముచ్చటింతును.

'నీవు మేల్కొని ఎంతసేపైనది? నీ ద్వారా ఎన్ని అక్షరములు సాగినవి?' అని రూటర్లను, స్విచ్చిలను అడుగుటకు 1988లో ఎస్.ఎన్.ఎమ్.పి. అను పద్ధతి వెలసినది. ఇది టెలిఫోను సంభాషణవంటిది కాదు, జవాబు కార్డువంటిది. కార్డు వ్రాసి టపాలో వేయుదుము. జవాబు రావచ్చును, రాకపోవచ్చును.

ఈ ఉత్తర ప్రత్యుత్తరములు నడపుటకు ప్రోగ్రాములు వ్రాయువారు నెట్-ఎస్.ఎన్.ఎమ్.పి. వంటి లైబ్రరీని వాడుదురు. అది అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మొలకెత్తి, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పెరిగినది. అందు 'సెషన్' అనగా, అవతలి యంత్రముయొక్క చిరునామా, రహస్యపదము, ఎంతసేపు వేచియుండవలెను, ఎన్నిసార్లు మరల అడుగవలెను అను వివరముల చీటీ. చిత్రమేమనగా, ఈ సెషన్ ఉన్నట్లు అవతలి యంత్రమునకు తెలియదు! కావున తెరచినవాడే మూయవలెను. తెరచిన ప్రతి సెషన్ ఒక ద్వారము నాక్రమించును. లినక్స్‌లో ఒక్కొక్క ప్రోగ్రామునకు సాధారణముగా 1024 ద్వారములే అనుమతింపబడును. ఐదు నిమిషముల కొకటి చొప్పున తెరచి మూయుట మరచినచో, దినమునకు 288. నాలుగవ నాటికి ద్వారము లుడుగును. అప్పుడు ఊళ్లన్నియు బాగుండియు, తెరమీద అన్నియు చచ్చినట్లే కనబడును!

అంతకంటె పెద్ద చిక్కు నిరీక్షణలో కలదు. ఆ లైబ్రరీ, వేరుగా చెప్పనిచో, ఒక సెకను వేచి, ఐదుసార్లు మరల అడుగును. పలుకని యంత్రమునకు ఆరు సెకనులు. ఒకటి రెండైన ఫరవాలేదు. గాలివాన రాత్రి రెండువందల యంత్రములు మూగవోయినచో? ఒకదాని తరువాత నొకటిగా అడుగు ప్రోగ్రాము ఇరువది నిమిషములు మూగవారి గుమ్మములందే నిలిచియుండును. ఆ లోపల క్రొత్తగా ఏ ఊరు తెగినదో ఎరుగదు. ప్రశాంత దినములలో చక్కగా పనిచేసి, అవసరము వచ్చిన రాత్రియే గ్రుడ్డిదగు ఏర్పాటును నేను ఏర్పాటని అనజాలను.

దీనికి ఉపాయ మా లైబ్రరీలోనే కలదు. కార్డులన్నియు ఒక్కమారు టపాలో వేసి, ఏ జవాబు ముందు వచ్చిన దానిని ముందు చదువుట. వ్రాయుట కొంత కష్టమే. ఏ జవాబు ఏ ప్రశ్నకో గుర్తుంచుకొనవలెను, గడువు దాటినవానిని విడిగా లెక్కింపవలెను. కాని రెండువందల మౌనములును కలిసి ఆరు సెకనులలో తేలిపోవును.

ఐనను మౌనము కారణము చెప్పదు. ముప్పాళ్ళలోని పెట్టె పలుకనప్పుడు దానికి పైనున్న స్విచ్చి నడుగవలెను. అదియు పలుకనిచో, తెగినది ఇంకను పైన. అది పలికి, ముప్పాళ్ళవైపు దారి మూతబడినదని చెప్పినచో, లోపము ఆ రెంటి నడుమనో, ముప్పాళ్ళలోనో కలదు. లైనుమాను నిచ్చెనతో బయలుదేరవలసినది ఆ వైపునకే.