భుక్తాయాసము
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో మాతృభాషను గూర్చియో, పరీక్షా ఫలితములను గూర్చియో మాటలాడుట ఆచారము. నేను నేడు అన్నము తినిన పిమ్మట వచ్చెడి అలసటను గూర్చి మాటలాడెదను. ఇది అల్ప విషయమని తలంపకుడు. మధ్యాహ్న భోజనానంతరము జరుగు మొదటి గంటలో ప్రతి తరగతియందును నలుగురైదుగురు బిడ్డలు కునికిపాట్లు పడుచుందురు. "వాడు సోమరిపోతు, నాలుగు తగిలించండి సారూ" అని కొందరు తండ్రులే నాతో అనుచున్నారు. సోమరి యను పేరు ఒకమారు పడెనా, అది బిడ్డను ఏండ్ల తరబడి వెన్నాడును. కావున ఆ నిద్ర ఎక్కడనుండి వచ్చుచున్నదో ముందుగా విచారింతము.

మన భాషలో దీనికి భుక్తాయాసమను చక్కని మాట కలదు. పూర్వులు దీనిని బాగుగా ఎరుగుదురు. కడుపులో ఒక భాగము గట్టి ఆహారమునకు, ఒక భాగము ద్రవమునకు ఉపయోగించి, మూడవ భాగమును వాత పిత్త కఫములకు విడువవలెనని చరకసంహిత చెప్పుచున్నది. పగటి నిద్ర వేసవిలో తప్ప తగదనియు అందే కలదు. అయితే బాలురకు, వృద్ధులకు, బలహీనులకు, శ్రమచే డస్సినవారికి అన్ని ఋతువులందును మినహాయింపు నొసగినది. బిడ్డలను సోమరులనువారు ఈ మినహాయింపును గమనింతురు గాక!

తినగానే నెత్తురంతయు కడుపులోనికి దిగి, తలకు చాలక నిద్ర వచ్చునని మనమందరము వినియున్నాము. ఇది సగము మాత్రమే నిజము. ప్రేవులకు నెత్తురు అధికముగా పారుట వాస్తవమే. కాని ఆరోగ్యవంతుని గుండె ఆ మేరకు ఎక్కువ పనిచేయును. మెదడునకు పోవు నెత్తురు తగ్గకుండ శరీరము కాపాడుకొనును. కొందరు వృద్ధులలో మాత్రము భోజనమైన రెండు గంటలలోపల రక్తపు పోటు పడిపోవుట కలదు. ఇంట తాతగారు తిని లేచునప్పుడు కన్నులు తిరుగుచున్నవనినచో దానిని కునుకుగా భావింపక వైద్యునికి చూపుడు.

అసలు కారణములు వేరు. మన శరీరములో ఒక గడియారము కలదు. దాని లెక్క ప్రకారము రాత్రి వచ్చెడి పెద్ద నిద్రయే గాక, పగలు సుమారు 1 గంట మొదలు 3 గంటల నడుమ చిన్న మాంద్యము కూడ వచ్చును. భోజనము చేయనివారికిని ఇది కలుగుచున్నదని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అనగా కొంత నింద అన్నముపై అన్యాయముగా పడుచున్నదన్నమాట.

మిగిలినది అన్నముదే. మెదడులో మనలను మేల్కొలిపి ఉంచెడి కణములు కొన్ని కలవు. అవి పుట్టించు ఒరెక్సిన్ అను పదార్థమును 1998లో కనుగొనిరి. నెత్తురులో చక్కెర పెరిగినపుడు ఈ కణములు మందగించుననియు, మాంసకృత్తులనుండి వచ్చు పదార్థములు వానిని చురుకుపరచుననియు తరువాత ఎలుకలపై జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. 2007లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 12 మంది యువకులకు రెండు రకముల బియ్యపు అన్నము పెట్టి చూచిరి. త్వరగా చక్కెరగా మారు అన్నము తిని 4 గంటల పిమ్మట పరుండిన రాత్రి సగటున 9 నిమిషములకే నిద్రపట్టినది. నెమ్మదిగా మారు అన్నము తినిన రాత్రి 17 నిమిషములు దాటినది.

ఇక మన ఇండ్ల సంగతి చూడుడు. మన బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములో నుండిన 1956కు పూర్వపు దినములలో జొన్నరొట్టె, పప్పు, పుంటికూర మన నిత్యాహారము. వరి అన్నము పండుగ భోజనము. నేడు చౌకధరల దుకాణపు బియ్యము ఇంటింట నిండినది. ఆంధ్రలో 1983లో కిలో రెండు రూపాయలకు వచ్చినది. మన రాష్ట్రములో 2013లో అన్నభాగ్య వచ్చినది. ఆ బియ్యము ఎన్ని కడుపులు నింపినదో ఎరిగిన నేను దానిని నిందింపను. కాని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టిక ప్రకారము 100 గ్రాముల జొన్నలలో పీచు సుమారు 10 గ్రాములు, మరపట్టిన బియ్యములో 3 గ్రాములకు లోపు. కుప్పగా అన్నము, పైన పలుచని చారు: ఇదియే నిద్రకు పిలుపు. అన్నము కొంత తగ్గించి పప్పు చిక్కబరచుడు. వారమునకు మూడు నాలుగు దినములైనను జొన్నరొట్టె చేయుడు. కంది, పెసర, మినుము మన చేలలో పండునవే గదా.

అన్నము తగ్గింపుడంటినని బిడ్డ కడుపు మాడ్చకుడు. ఖాళీ కడుపుతో వచ్చు తూగు దీనికంటె చెడ్డది. 2002లో అక్షర దాసోహ మొదట ఆరంభమైన జిల్లాలలో మన బీదరు ఒకటి. బడిలో పెట్టెడి ఆ భోజనము బిడ్డలకు ఎంత బలమో నేను వేరుగ చెప్పనక్కరలేదు. తప్పు వేరొక చోట నున్నది. ఉదయము చాయ్, రెండు బిస్కట్లు ఇచ్చి పంపుచున్నారు. మధ్యాహ్నము వరకు మాడిన బిడ్డ ఆవురావురుమని తినును, ఆపైన తూగును. ఉదయము ఒక రొట్టెయో, కాస్త పెరుగన్నమో పెట్టి పంపుడు.

రాత్రి నిద్ర చాలని బిడ్డకు మధ్యాహ్నపు మాంద్యము రెట్టింపగును. 6 మొదలు 12 ఏండ్ల వయస్సు బిడ్డకు రోజునకు కనీసము 9 గంటల నిద్ర కావలెను. పదకొండు గంటలదాక చేతిలో సెల్ ఫోను పెట్టుకొని కూర్చున్న బిడ్డ మరునాడు తరగతిలో తూగినచో ఆ నేరము పప్పుదా, అన్నముదా?

అలసట ప్రతిదినము, తినినను తినకున్నను, ఆదివారమునాడును ఉన్నచో అది భుక్తాయాసము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. ముఖము పాలిపోయి, మెట్లెక్కిన ఆయాసపడు ఆడపిల్లను సోమరి అనుట ఎంత క్రూరము! ప్రభుత్వ ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేయించుడు. అన్నముతోపాటు చాయ్ త్రాగనీయకుడు, అది ఆహారములోని ఇనుమును ఒంటబట్టనీయదు. పెద్దలలో తినిన పిమ్మట మత్తు, అతిదాహము, మాటిమాటికి మూత్రము కలిసి యున్నచో మధుమేహపు పరీక్ష అవసరము. ఆ వ్యాధి దేశములో 10 కోట్లమందికి పైగా ఉన్నట్లు 2023లో ప్రకటింపబడినది.

కడపటి మాట మా కాలపట్టికను గూర్చి. భోజనము కాగానే బిడ్డలు పది నిమిషములు ఆవరణలో నడచుట నియమము చేసితిమి. నడక చక్కెర పెరుగుదలను తగ్గించును. లెక్కల గంటను ఉదయమునకు మార్చి, ఆ స్థానమున పద్య పఠనము ఉంచితిమి. తెలుగును నిద్ర గంటలోనికి నెట్టితిరని కొందరు నొచ్చుకొనిరి. లెక్క కూర్చుండి మౌనముగా చేయవలెను. పద్యము నిలుచుండి గొంతెత్తి చదువవలెను. గొంతెత్తి పాడువాడు తూగడు. సందేహమున్నవారు ఏ దినమైనను మధ్యాహ్నము రెండు గంటలకు వచ్చి, తలుపు దగ్గర నిలిచి వినవచ్చును.