హక్కుకు మూలం, హక్కుకు కాపలా

సమస్త స్తోత్రాలు మానవుణ్ణి గౌరవనీయునిగా సృజించిన అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా! మనిషికి హక్కులు ఎక్కడి నుండి వచ్చాయి? ఇది పండితులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. పీడితుడు ఎవరి తలుపు తట్టాలన్నది దీని సమాధానంపైనే ఆధారపడి ఉంది.

మనుషులు పుట్టుకతోనే స్వతంత్రులని, సమానులని 1789లో ఫ్రాన్సు ప్రజాప్రతినిధులు ప్రకటించారు. ఆంగ్ల తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ ఆ ప్రకటనను తీవ్రంగా విమర్శించాడు. చట్టం ఇచ్చినదే హక్కు, చట్టానికి ముందే హక్కులున్నాయనడం అర్థరహితం అని ఆయన వాదం. ఇందులో కొంత నిజముంది. ఏ న్యాయస్థానమూ ఇప్పించలేని హక్కు పేదవాని ఆకలి తీర్చదు. అయితే చట్టమే హక్కుకు మూలమైతే, ఇచ్చిన చేయి తిరిగి తీసుకున్ననాడు ఏం మిగులుతుంది?

మన దేశం ఆ రోజును చూసింది. అత్యవసర పరిస్థితి కాలంలో, విచారణ లేకుండా నిర్బంధానికి గురైనవారు కోర్టులను ఆశ్రయించారు. వారికి ఆ అవకాశమే లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఐదుగురు న్యాయమూర్తులలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రాజ్యాంగం ఒక్కటే ఆధారం కాదన్నారు. తర్వాత ఆయనను కాదని ఆయన కంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిగా నియమించారు. ఆయన రాజీనామా చేశారు. కాని 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ జీవించే హక్కుకు అత్యవసర పరిస్థితిలోనూ రక్షణ కల్పించింది. 2017లో సుప్రీంకోర్టే ఆ పాత తీర్పును తోసిపుచ్చింది.

మరొక విమర్శ హన్నా అరెంట్‌ది. నాజీ పాలన నుండి పారిపోయి, ఏళ్ల తరబడి ఏ దేశ పౌరసత్వమూ లేకుండా బ్రతికిన యూదు మేధావి ఆమె. పౌరసత్వం కోల్పోయి, కేవలం మనిషిగా మాత్రమే మిగిలినవాణ్ణి మానవ హక్కులు కాపాడలేకపోయాయని ఆమె ఎత్తిచూపారు.

సోదరులారా! మక్కాలో ఒకనాడు ఇదే జరిగింది. యమన్ నుండి వచ్చిన జుబైద్ తెగ వర్తకుని సరుకు తీసుకుని, ఆస్ బిన్ వాయిల్ వెల చెల్లించలేదు. ఆ పరదేశికి అండగా నిలిచే తెగ అక్కడ లేదు. అప్పుడు ఖురైష్ పెద్దలు కొందరు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా అతని హక్కు ఇప్పిస్తామని ప్రతిన బూనారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. ఇంకా ప్రవక్త పదవి లభించని ముహమ్మద్ (సఅసం) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానని చెప్పారు.

దీని సారాంశం గ్రహించండి. హక్కును ప్రసాదించేవాడు అల్లాహ్. కనుక ఏ పాలకుడూ దానిని రద్దు చేయలేడు. దానికి కాపలా కాయవలసినది మాత్రం మనుషులే. చట్టంతో, న్యాయస్థానంతో, సాక్ష్యంతో కాయాలి. పొరుగువాడు ఏ మతస్థుడైనా అతని పక్షాన నిలబడే ధైర్యంతో కాయాలి.

ఇది మన ఇంటి నుండే మొదలు కావాలి. చెల్లెలి ఆస్తి వాటా, కూలీ వేతనం మన వద్దే ఆగి ఉంటే, పాలకులను నిందించే అర్హత మనకెక్కడిది? నమాజులు, ఉపవాసాలు వెంట తెచ్చుకుని కూడా, ఇతరుల హక్కులు కాజేసినందున తీర్పుదినాన వాటన్నిటినీ కోల్పోయేవాడే అసలైన దివాళాకోరని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు.

అల్లాహ్ మనల్ని ఆ దుస్థితి నుండి కాపాడుగాక! హక్కుదారులకు వారి హక్కు చెల్లించే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.