కుర్చీలు ఎన్నయినా వాటా ఏదీ?

(మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని. ఉపన్యాసం కంటే లెక్క చెప్పడం నాకు అలవాటు. ఇవాళ కూడా ఒక లెక్కే చెబుతాను. ప్రభుత్వాలు మన పేరు మీద ఎన్ని కార్పొరేషన్లు పెట్టాయి, ఎన్ని కుర్చీలు వేశాయి, ఆ కుర్చీల వల్ల మన పల్లెకు ఏమొచ్చింది? ఇదీ ఇవాళ్టి లెక్క.

ముందు అసలు కార్పొరేషన్ అంటే ఏమిటో చూద్దాం. మన రాష్ట్రంలో ఎస్సీ కార్పొరేషన్ 1974లో పుట్టింది. సహకార సంఘంగా రిజిస్టరయింది. భూమి లేనివాడికి భూమి, పనిముట్టు లేనివాడికి పనిముట్టు, గేదెలు, ఆటో, చిన్న దుకాణం - వీటికి కొంత సబ్సిడీ ఇచ్చి, మిగతాది బ్యాంకు అప్పుగా ఇప్పించడం దాని పని. జిల్లా సొసైటీకి కలెక్టరే చైర్మన్. మూలధనంలో రాష్ట్రం 51 పాళ్లు, కేంద్రం 49 పాళ్లు పెట్టే పద్ధతి 1978-79 నుంచి మొదలయింది. లోపాలు లేవని కాదు. బ్యాంకు మేనేజరు కాగితం ఇవ్వక సగం దరఖాస్తులు ఆఫీసులోనే మూలిగేవి. దళారులు తినేవాళ్లు తిన్నారు. అయినా దాని వల్ల ఎకరమో అరెకరమో చేతికొచ్చిన కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. అంటే డబ్బుంటే కార్పొరేషన్ పనికొస్తుంది.

ఇప్పుడు కుర్చీలు లెక్కపెడదాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఎస్సీ కార్పొరేషన్‌ను మాల, మాదిగ, రెల్లి కార్పొరేషన్లని మూడు చేశారు. 2020లో 139 వెనకబడిన కులాలకు 56 కార్పొరేషన్లు ప్రకటించారు. 56 మంది చైర్మన్లు, ఒక్కో బోర్డుకు 12 మంది చొప్పున 672 మంది డైరెక్టర్లు. మొత్తం 728 మంది. అదే ప్రభుత్వం రెడ్లకూ, కమ్మలకూ, క్షత్రియులకూ కూడా కార్పొరేషన్లు పెట్టింది. తెలంగాణలో 2024 మార్చిలో ఒకే మంత్రివర్గ సమావేశంలో 16 కార్పొరేషన్లకు ఒప్పుకున్నారు. మాలలకు, మాదిగలకు, లంబాడాలకు, ఆదివాసులకు, ముదిరాజులకు, యాదవులకు, రెడ్లకు, వైశ్యులకు, అందరికీ తలా ఒక బోర్డు! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నిధి ఎంతో తేలకముందే బోర్డు పేరు ఖాయమయిపోయింది.

ఎందుకిన్ని? దీనికి ఒక మర్మం ఉంది. 2003లో రాజ్యాంగానికి 91వ సవరణ చేశారు. శాసనసభ సంఖ్యలో 15 శాతానికి మించి మంత్రులు ఉండకూడదన్నారు. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 26 మంది, తెలంగాణలో 18 మంది. మంత్రి పదవులకు కట్టడి పడింది గానీ కార్పొరేషన్ చైర్మన్లకు అటువంటి కట్టడి లేదు. టికెట్టు రానివాడికి, ఓడినవాడికి, అలిగినవాడికి, పక్క పార్టీ నుంచి దూకినవాడికి ఏదో ఒకటి పెట్టాలి గదా! ఆ పెట్టేది కార్పొరేషన్ కుర్చీ. ప్రభుత్వం ఏ పార్టీదైనా మొదటి ఏడాదిలో జాబితాలు బయటికొస్తాయి. పేపర్లు దాన్ని "పదవుల పందేరం" అని రాస్తాయి. పేరు సరిగ్గానే పెట్టారు.

ఇక ఖర్చు. పిల్లలకు చెప్పినట్టు ఒక అంకె అనుకుందాం. ఇది ప్రభుత్వ అంకె కాదు, లెక్క కట్టడానికి పెట్టుకున్నది. చైర్మన్ జీతం, కారు, డ్రైవరు, పియ్యే, ఆఫీసు గది అన్నీ కలిపి నెలకు 2 లక్షలు. 56 కుర్చీలకు నెలకు కోటీ 12 లక్షలు. ఏడాదికి 13 కోట్ల 44 లక్షలు. ఇంటికి లక్ష సబ్సిడీ అనుకుంటే 1,344 కుటుంబాల కూడు అది.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. ఈ ఖర్చు చూపించే కొందరు పెద్దలు "ఎస్సీ, బీసీ కార్పొరేషన్లన్నీ దండగ, ఎత్తెయ్యండి" అంటారు. పరిశ్రమల వాళ్లకు భూములు, రాయితీలు ఇచ్చేటప్పుడు వాళ్లకు దండగ గుర్తు రాదు. మనం ఆ పాట పాడొద్దు. రాష్ట్ర బడ్జెట్టు లక్షల కోట్లలో ఉంటుంది. దాని పక్కన చైర్మన్ల జీతాలు చిన్న మొత్తమే. అసలు నష్టం కుర్చీ తినేదాంట్లో లేదు, కుర్చీ వెనక దాచేదాంట్లో ఉంది.

ఏం దాచారు? ఆంధ్రలో అమ్మ ఒడి, చేయూత లాంటి పథకాల సొమ్మును కులాల వారీగా విడగొట్టి ఈ కార్పొరేషన్ల పద్దుల్లో చూపించారు. బిడ్డను బడికి పంపే ఏ పేద తల్లికైనా వచ్చే డబ్బు అది. మాల తల్లికి వస్తే మాల కార్పొరేషన్ లెక్క, మాదిగ తల్లికి వస్తే మాదిగ కార్పొరేషన్ లెక్క. కాగితం మీద వేల కోట్లు. కుర్రాడు ఆటోకి లోను అడిగితే మాత్రం "నిధుల్లేవు తమ్ముడూ" అని జవాబు.

మన వాటా ఉండాల్సిన చోటు వేరే ఉంది. అది ఉపప్రణాళిక. ఏళ్ల తరబడి పోరాడితే 2013లో చట్టమయింది. జనాభా ఎంత శాతమో నిధి అంత శాతం, అది మన బాగుకే ఖర్చు కావాలి. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. ఆంధ్రలో పదేళ్ల గడువు ముగిసే వేళకు, 2023 జనవరిలో, ఆర్డినెన్సుతో మరో పదేళ్లు పొడిగించారు. కానీ 2013 చట్టంలోనే ఒక సందు ఉంది. అందరికీ ఇచ్చే పథకాల్లో మన వంతునూ, రోడ్డు లాంటి విడదీయలేని పనుల్లో కొంత భాగాన్నీ మన ఖాతాలో రాసుకోవచ్చు. ఆ సందులోంచే మన డబ్బు జారిపోతోంది. మనమేమో చైర్మన్ ఊరేగింపులో డప్పు కొడుతున్నాం.

మూడో నష్టం ఉద్యమానిది. ఇది అన్నిటికన్నా పెద్దది. నిన్నటిదాకా భూమి కోసం, శ్మశానం కోసం కలెక్టరాఫీసు ముందు కూచున్నవాడు ఇవాళ డైరెక్టరయ్యాడు. ఇక నోరెత్తడు. మనిషి చెడ్డవాడని నేననను. కుర్చీ చేసే పని అది. వర్గీకరణ సంగతి వేరు. అది ఉద్యోగాల్లో, చదువులో ఎవరి వాటా ఎంత అనే న్యాయ ప్రశ్న. ఖాళీ కుండను మూడు ముక్కలు చేసి తలా ఒక పెంకు చేతిలో పెట్టడం న్యాయం కాదు. అది మాల అయినా మాదిగ అయినా రెల్లి అయినా ఒకేలా మోసపోవడం.

మరి ఏం చెయ్యాలి? చేతిలో ఆయుధం ఉంది. 2005 సమాచార హక్కు చట్టం. అందులో 4వ సెక్షన్ చదవండి. ప్రతి సంస్థా తన ఉద్యోగుల నెల జీతాలు, బడ్జెట్టు, బోర్డు మీటింగుల మినిట్సు జనానికి అందుతాయో లేదో, సబ్సిడీ ఎంత, ఎవరెవరికి ఇచ్చారు - ఇవన్నీ మనం అడక్కుండానే బయటపెట్టాలి. పెట్టలేదా, తెల్లకాగితం మీద అడగండి. మన రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, పై ఆఫీసుల్లో 10 రూపాయలు. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అయిదే ప్రశ్నలు రాయండి. ఒకటి, బోర్డు ఏర్పడ్డాక ఎన్నిసార్లు కూచుంది? రెండు, చైర్మన్, డైరెక్టర్ల మీద ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది? మూడు, బడ్జెట్టులో రాసిందెంత, విడుదలయిందెంత? నాలుగు, అందులో అందరికీ ఇచ్చే పథకాల సొమ్ము తీసేస్తే మిగిలేదెంత? అయిదు, మన మండలంలో ఎన్ని యూనిట్లు ఇచ్చారు, ఎవరికి?

జవాబు రాగానే బీరువాలో పెట్టకండి. పల్లెలో రచ్చబండ దగ్గర గట్టిగా చదవండి. చదువు రాని అమ్మలక్కలకు అంకె అంకె విడమర్చి చెప్పండి. గ్రామసభలో మినిట్సు పుస్తకంలోకి ఎక్కించండి. రేపు ఎవరైనా వచ్చి "మీ కులానికి చైర్మన్ పదవి ఇచ్చాం" అంటే దండ వెయ్యడానికి ముందు ఆ కాగితం తీసి చూపించండి. "అయ్యా, కుర్చీ సరే, మా వాటా ఏదీ?" అని నిలబెట్టి అడగండి.

జై భీమ్!