చలికాలంలో వంగ నారు: మా సంఘం నేర్చుకున్నది

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మాది బెలుం గుహల పక్క పల్లె. ఈసారి మా వంగతోట బాగొచ్చిందని విని, దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అయితే మేము ముందు చెడిపోయిన మడి సంగతి చెప్తాము. మాకు బుద్ధి వచ్చింది అక్కడే.

ఎండాకాలం మార్కెట్టుకు కూరగాయ తక్కువగా వస్తుంది, అప్పుడు మన దగ్గర వంకాయ ఉంటే నాలుగు డబ్బులు మిగులుతాయని మా ఆశ. ఫిబ్రవరిలో మొక్క నాటాలంటే డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో నారు పోయాలి. అంటే నారుమడి పెరిగేదంతా పుష్యమాసం చలిలోనే. నారు కొందామా అంటే లెక్క చూడండి. అటు 60, ఇటు 60 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 11 వేల మొక్కలు పడతాయి. మొక్క ఒక్క రూపాయి అనుకున్నా 11 వేలు. అదే సూటిరకం విత్తనమైతే ఎకరాకు 260 గ్రాములు చాలు. అందుకే నారు మనమే పోద్దామని మాలో ఒక అక్క చెప్పింది. సరేనని సంఘం నుంచి అప్పు తీసుకున్నాము.

మడి కట్టినాము, విత్తనం చల్లినాము, గడ్డి కప్పినాము. రోజూ పొద్దుగూకే వేళ తొట్టిలో నీళ్లు తెచ్చి బాగా తడిపినాము. వారం గడిచె, పది రోజులు గడిచె, మొలక లేదు. మట్టి తీసి చూస్తే విత్తనం మెత్తబడి కుళ్లిపోయింది. అక్కడక్కడ మొలిచినవి కూడా మొదట్లో నలుపెక్కి పడిపోయినాయి. విత్తనం నకిలీదన్నాము. అంగట్లో మోసపోయినామన్నాము. ఆఖరికి మాట ఆ అక్క మీదికే పోయింది. "నీ మాట విని అప్పు చేసినాము" అని మీటింగులో మొహం మీదే అన్నాము. ఆమె రెండు మీటింగులకు రాలేదు.

ఆమె ఊరికే కూర్చోలేదు. ప్యాకెట్లో మిగిలిన విత్తనాలు పది తీసి, తడిగుడ్డలో చుట్టి, పొయ్యింట్లో వెచ్చగా ఉండే మూల పెట్టింది. వారం దాటేసరికి పదిలో ఎనిమిది మొలిచినాయి. ఆ గుడ్డ తెచ్చి మా ముందు విప్పింది. ఎవరికీ నోట మాట రాలేదు. విత్తనంలో తప్పు లేదు, చల్లని మట్టిలో తడి ఆరనివ్వకుండా పెట్టిన మాదే తప్పు. ఆ రోజే ఆమె ఇంటికి పోయి, తప్పయిందని చెప్పి పిలుచుకొచ్చినాము.

వంగ వెచ్చదనం కోరే పైరు. మట్టి 25 నుంచి 30 డిగ్రీలుంటే వారం అటూ ఇటుగా మొలుస్తుంది. 15 డిగ్రీలకు దిగితే మొలక చాలా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో తడి ఎక్కువైతే బూజు చేరి విత్తనాన్ని తినేస్తుంది. మన దగ్గర మధ్యాహ్నం ఎండ కాస్తుంది గాబట్టి చలి లేదనుకుంటాము. విత్తనానికి రాత్రి చలి కూడా లెక్కే.

మా గుహల సంగతే చూడండి. మూడు కిలోమీటర్ల పైన పొడవున్న గుహలు అవి. చలికాలం పొద్దున్నే బయట వణుకుతూ లోపలికి దిగితే వెచ్చగా ఉంటుంది. లోతు భూమి వేడిని అంత తొందరగా వదలదు. అందుకే ఆ చలిలో బోరు వేసిన వెంటనే వచ్చే నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. మన విత్తనం మాత్రం సెంటీమీటరు లోతులోనే ఉంటుంది. ఆ పైమట్టి రాత్రికి చల్లబడిపోతుంది. దాని మీద తొట్టిలో నిలవున్న చల్లనీళ్లు సాయంత్రం పోస్తే ఇంకేముంది?

మరుసటి ఏడు మేము చేసింది ఇది.

మడిని చెట్టు నీడ లేకుండా, పొద్దుటి ఎండ పడే చోట కట్టినాము. మీటరు వెడల్పు, జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తు. ఎత్తు మడిలో నీరు నిలవదు, మట్టి తొందరగా వేడెక్కుతుంది. చుట్టూ నాపబండలు నిలబెట్టినాము. పగలు కాగిన బండ రాత్రి కొంతసేపు వెచ్చదనం ఇస్తుంది. మన ప్రాంతంలో నాపరాయి ముక్కలకు కొదవ లేదు గదా. మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, దాంతోపాటు ట్రైకోడెర్మా కలిపినాము. పచ్చి పెంట వేయొద్దు.

విత్తనం చల్లకుండా వేలెడు ఎడంతో వరసలు గీసి పలచగా వేసినాము. ఒత్తుగా పడితే గాలి ఆడదు, నారుకుళ్లు వస్తుంది. ఎరువు, ఇసుక కలిపి పైన పలచగా కప్పి, వరిగడ్డి పరిచినాము. మొలక తల ఎత్తుతానే గడ్డి తీసేయాలి. ఆలస్యమైతే నారు తెల్లబారి సాగిపోతుంది.

నీళ్లు పొద్దున ఎండ వచ్చినాక, బోరు నుంచి వచ్చినవి వచ్చినట్టే రోజ్‌క్యానుతో పోసినాము. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే పోసేది. రాత్రికి వెదురు బద్దలు వంచి, వాటి మీద పాత చీరలు కప్పినాము. పొద్దెక్కుతానే తీసేది. ప్లాస్టిక్ కవరు కప్పేవాళ్లు మరీ జాగ్రత్త, మన ఎండకు ఒక్క పూట మరిచినా లోపల నారు ఉడికిపోతుంది.

సొంత విత్తనం ఉన్నవాళ్లు ఒక రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పలుచని గుడ్డలో కట్టి వెచ్చగా పెట్టి, తెల్లని ముక్కు కనపడగానే విత్తుకోవచ్చు. ప్యాకెట్టు విత్తనం రంగు పూసి ఉంటే అది మందు పట్టించిన విత్తనం. దాన్ని నానబెట్టొద్దు, వంటగిన్నెల్లో వేయొద్దు, పిల్లలకు అందనీయొద్దు. మొలక పరీక్షకు మా అక్క తీసుకున్నది కూడా అట్లాంటి విత్తనమే. ఆమె తెలియక పొయ్యింట్లో పెట్టింది. మీరు పాత డబ్బాలో వేసి వంటింటికి దూరంగా పెట్టుకోండి, ముట్టినాక చేతులు సబ్బుతో కడుక్కోండి. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన విత్తనం కూడా పెట్టుకోవద్దు. తల్లి గుణం నిలవదు.

నారుకుళ్లు కనిపిస్తే ముందు నీళ్లు ఆపండి. తర్వాత లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేటట్టు పోయాలి. అనుమానముంటే బనగానపల్లె దగ్గరి యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

మామూలుగా 30, 35 రోజులకు నారు అందుతుంది. చలిలో మాకు ఇంకో పది రోజులు పట్టింది. రోజులు లెక్కపెట్టి పీకొద్దు, ఆకులు చూడండి. ఐదారు ఆకులు వచ్చి, కాడ గట్టిపడాలి. నాటేముందు వారం రోజులు నీళ్లు తగ్గించి, రాత్రి కప్పడం కూడా మాని, నారును బయటి గాలికి అలవాటు చేయాలి. పీకే రోజు మాత్రం మడి బాగా తడిపి, సాయంత్రం నాటుకోవాలి.

ఈ కష్టం మన ఒక్కళ్లదే కాదు. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు కూడా వంకాయ మీద ఆశతో, బయట ఇంకా గడ్డకట్టే చలి ఉండగానే ఇంట్లో చిన్న కప్పుల్లో విత్తనం వేసి, కిటికీ దగ్గర పెట్టి రెండు నెలలు సాకుతారు. చలి పూర్తిగా పోయినాకే బయట నాటుతారు. వాళ్లకు నెలల తరబడి చలి. మనకు నాలుగైదు వారాల రాత్రులే. ఓపిక పడితే దాటేస్తాము.

ఆ ఏడు మా మడి నిలిచింది. మాకు సరిపోగా మిగిలిన నారు పక్క సంఘానికి ఇచ్చినాము. పాత అప్పు, కొత్త అప్పు రెండూ కాయ అమ్మి తీర్చినాము.

సమాఖ్యను మేము కోరేది రెండు. నారు కోసం అప్పిచ్చే ముందు ప్రతి సంఘమూ మొలక పరీక్ష చేసి చూపించాలి. దానికి ఖర్చు లేదు, పది విత్తనాలు, ఒక తడిగుడ్డ చాలు. రెండోది, ప్రతి గ్రామ సమాఖ్యలో అందరికీ కలిపి ఒక నారుమడి పెట్టాలి. వంతులేసుకుంటే రాత్రి కప్పడం, పొద్దున తీయడం ఎవరికీ బరువు కాదు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాము. మళ్లీ విత్తనం కొనుక్కొని మడి పోసుకుంటే నారు వస్తుంది. మాట పడి సంఘం వదిలిపోయిన అక్క మాత్రం అంత సులభంగా తిరిగి రాదు. పంట పోయినప్పుడు ముందు మట్టిని చూడండి, నీళ్లను చూడండి, విత్తనాన్ని పరీక్షించండి. పక్కనున్న మనిషిని అనేది ఆఖరున. అసలు అనకుంటే ఇంకా మంచిది.