గుంజాల గోండి లిపి: ఒక ఊరు నిలిపిన అక్షరాలు

(ఎలమంచిలి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

గోండి ద్రావిడ భాషల్లో తెలుగుకు దగ్గరి చుట్టం. 2011 జనాభా లెక్కల ప్రకారం దాన్ని మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 30 లక్షల మంది. వారు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ తదితర రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు. ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి బడి లిపిలో, అంటే నాగరిలోనో తెలుగులోనో, గోండి రాస్తూ వచ్చారు. అందుకే ఆ భాషకు లిపి లేదన్న మాట పాతుకుపోయింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన రాతప్రతులు ఆ మాటను కొట్టేశాయి.

ఆచార్య జయధీర్ తిరుమలరావు ఆధ్వర్యంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఊళ్లో సుమారు డజను ప్రతులు సేకరించారు. 1750 ప్రాంతపు రాతలు వాటిలో ఉన్నాయని అంచనా. ప్రతులు సేకరించే నాటికి ఆ అక్షరాలు చదవగలిగినవారు కొద్దిమంది పెద్దలే.

ఈ లిపిలో 10 అచ్చులు, 30 హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సొంత అంకెలు ఉన్నాయి. ఎ-ఏలకు, ఒ-ఓలకు వేర్వేరు అక్షరాలు లేవు. పాత తెలుగు శాసనాలూ ఈ భేదం చూపేవి కావు. హల్లుల వరుస మాత్రం వేరే దారి పట్టింది. య, వ, బ, భ, మ ముందు వస్తాయి. తర్వాత క, ఖ, త, థ, ల; ఆపై గ, ఘ, ద, ధ, న. చివరన ప, ఫ, హ, ర, స. లిపి బ్రాహ్మీ సంతతిదే అయినా ఈ వరుస తెలుగు బాలశిక్షలోదీ కాదు, నాగరి పలకమీదిదీ కాదు. నేర్పినవారికి తమదైన పద్ధతి ఒకటి ఉండేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫిలిప్పీన్స్‌లోని బైబయిన్ కూడా బ్రాహ్మీ సంతతిదే. స్పెయిన్ వలసపాలనకు ముందే తగలోగ్ జనం దాన్ని వాడేవారు. అందులో 17 అక్షరాలున్నా పొల్లు లేదు. మాట చివరి హల్లును చదువరి ఊహించుకోవలసిందే. 1593లో మనీలాలో అచ్చయిన క్రైస్తవ బోధ పుస్తకంలో ఆ అక్షరాలు రోమన్ లిపి పక్కన నిలిచాయి. 1620లో ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే మతగురువు పొల్లుగా చిన్న శిలువ గుర్తు చేర్చినా జనం దాన్ని స్వీకరించలేదు. అచ్చుకెక్కినా బైబయిన్ రోమన్ లిపి ముందు నిలవలేదు. దాని బంధు లిపులు మిండోరోలో మంగ్యాన్‌ల దగ్గర, పలావాన్‌లో తగ్బన్వాల దగ్గర మిగిలాయి. గుంజాల లిపికి ఆనాడు అచ్చు భాగ్యమే లేదు. అది చేతిరాతలోనే బతికింది.

మిగతా గిరిజన లిపుల పుట్టుక వేరు. గోండికే మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో మరో లిపి కూర్చారు. ఉత్తరాంధ్రకు తెలిసిన సవర భాషకు గిడుగు రామమూర్తి తెలుగు లిపిలో వాచకాలు రాయగా, 1936లో మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. ఇవి ఒక్కొక్కరి కృషితో పుట్టినవి. గుంజాలది తరతరాలుగా చేతులు మారుతూ వచ్చింది.

2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో గుంజాల గోండికి 63 సంకేతాలతో చోటు దక్కింది. దాంతో కంప్యూటర్‌లో, ఫోన్‌లో రాసే వీలు ఏర్పడింది. రాజ్యాంగ గుర్తింపు మాత్రం రాలేదు. రఘునాథ్ ముర్ము 1925లో కూర్చిన ఓల్ చికి లిపిలో రాసే సంతాలి 2003లో ఎనిమిదో షెడ్యూలులో చేరింది. గోండి ఇంకా చేరలేదు.