వల విసరుట - మాట నిలుపుట
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



వియత్నాము దేశమున హోయి ఆన్ పట్టణ సమీపమందు యాత్రికులు గుండ్రని వెదురు పడవ లెక్కి, జాలరులకడ వల విసరుట నేర్చుకొందురు. అట్టి పడవ మనకు క్రొత్తది కాదు; కృష్ణా తుంగభద్రలలో దానిని పుట్టి యందురు. అట్టి విద్యయు మన పిల్లలకు దూరము కాదు. చెన్నపట్టణమునకు ఉత్తరమున పులికాటు సరస్సు గలదు.

సముద్రజలము కలియు సరస్సులలో, మన దేశమున చిలికా తరువాత ఇదియే పెద్దది. ఇందు అధికభాగము ఆంధ్రప్రదేశమున, శేషము తమిళనాట నున్నది. తమిళనాటి వైపు జాలరులు 'పాడు' అను కట్టుబాటు చొప్పున, వల వేయు తావులను చీట్లు వేసి వంతులుగా పంచుకొందురు. మంచి తావు ఒక్కరికే దక్కదు, తగవులు తగ్గును. ఇరుళ స్త్రీలు నీటిలో చేతులతో తడవి రొయ్యలను పట్టుదురు. సూళ్లూరుపేట వైపు పల్లెలలో తెలుగు వినబడును.

"దీనివలన మార్కులు వచ్చునా?" అని కొందరు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. కాని తెప్ప, గాలము, విసురువల అనునవి మన పిల్లలకు అచ్చులోని మాటలు మాత్రమే. వల అంచున గల సీసపు గుండ్ల బరువు చేతికి తెలిసిన బాలుడు ఆ మాటను మరువడు. పనితో కూడిన మాట సముద్రములు దాటును. తమిళుల కట్టుమరమే ఆంగ్లమున కాటమరాన్ అయినది. పనిని విడిచిన మాట ఇంటనే నశించును.

కావున పిల్లలను పులికాటు యాత్రకు పంపుడు. లోతునీటికి పోనీయము; ఒడ్డుననే, జాలరి పెద్దల యెదుట నేర్పింతుము. వారు తిరిగి వచ్చిన రాత్రి, చూచినదంతయు తెలుగులోనే చెప్పించుకొనుడు. అదియే మేము మిమ్ము కోరు సాయము.